క్రాబీ, రాయ్‌లే ద్వీపకల్పం: ముస్లిం యాత్రికులకు అంచెలంచెల మార్గదర్శి

థాయ్‌లాండ్ వెళ్తున్నామనగానే ఇంట్లో పెద్దవాళ్లు ముందుగా అడిగేది రెండే: హలాల్ తిండి దొరుకుతుందా? నమాజుకు చోటుంటుందా? పట్టాయా, బ్యాంకాక్‌ల గురించి విన్న మాటలతో ఆ అనుమానం రావడం సహజం. దక్షిణాన అండమాన్ సముద్రపు ఒడ్డున ఉన్న క్రాబీ మాత్రం వేరే లోకం. ఆ ప్రావిన్స్ జనాభాలో దాదాపు మూడో వంతు ముస్లింలే. చేపలు పట్టే పల్లెలు, రబ్బరు తోటల మధ్య చిన్న చిన్న మసీదులు, తలకు గుడ్డ కట్టుకుని రోడ్డు పక్కన రోతీ కాల్చే ఆడవాళ్లు, నమాజు వేళకు పడవ ఒడ్డుకు చేర్చే నావికులు అక్కడ రోజూ కనిపిస్తారు.

ఆ తీరంలోనే రాయ్‌లే ఉంది. మూడు వైపులా సముద్రం, నాలుగో వైపు నిటారుగా లేచిన సున్నపురాతి కొండలు. అది భూభాగానికి అంటుకునే ఉన్నా రోడ్డు లేదు, పడవ ఎక్కి వెళ్లాల్సిందే. తెల్లని ఇసుక, ఆకుపచ్చని నీళ్లు, గుహలు, కొండలెక్కేవాళ్లు కలిసి దానికి ప్రపంచమంతా పేరు తెచ్చారు.

ఈ యాత్ర సుఖంగా సాగాలంటే అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది రాత్రి ఎక్కడ బస చేస్తారన్నది. మసీదుకు దగ్గరలో బస చేసి, పగలు రాయ్‌లేకు వెళ్లొస్తే తిండి, నమాజు, పిల్లల ఆకలి అన్నీ వాటంతటవే కుదురుతాయి. అందమైన ఫోటో చూసి రాయ్‌లేలోనే గది తీసుకుంటే ప్రతి పూటా వెతుకులాటే అవుతుంది.

మొదటి అంచె: నెల ఎంచుకోవడం

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా సముద్రం ప్రశాంతంగా ఉంటుంది. మే నుంచి అక్టోబరు దాకా వానలు. మనకు వానలు తెచ్చే నైరుతి రుతుపవనాలే అక్కడా వీస్తాయి. అప్పుడు గదుల ధరలు తగ్గే మాట నిజమే కానీ అలలు పెద్దవై పడవలు ఆగిపోతాయి, బీచ్‌లలో ఎర్ర జెండాలు ఎగురుతాయి. ఎర్ర జెండా ఉన్నచోట మోకాలి లోతు నీళ్లలోకి కూడా పిల్లల్ని దించవద్దు. లోపలికి లాగే ప్రవాహాలు పైకి కనబడవు.

రంజాన్ ఈ మధ్య ఏళ్లలో ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తోంది. అంటే సరిగ్గా పర్యాటకుల రద్దీ కాలంలో. ఉపవాసంతో దీవులు తిరగడం కష్టమే కానీ, సాయంత్రం మసీదుల దగ్గర పెట్టే ఇఫ్తార్ బజార్లు చూడదగ్గవి. అక్కడ నెలవంకను థాయ్ ముస్లింల అధినేత ప్రకటిస్తారు. ఆయన్ను చులారాచమోంత్రీ అంటారు. మన దేశంలోకంటే ఒకరోజు ముందే రంజాన్ మొదలు కావచ్చు, కాబట్టి పండుగ కూడా ఒకరోజు ముందే రావచ్చు. పండుగ రోజున హలాల్ బళ్లు మూసేస్తారు, నావికుల్లో చాలామంది సొంత ఊళ్లకు వెళ్తారు. ఆ రోజుకు, మర్నాటికి తిండి ముందే చూసుకోవాలి.

రెండో అంచె: కాగితాలు, విమానం

భారతీయులకు 2024 జులై నుంచి థాయ్‌లాండ్ వీసా లేకుండా ప్రవేశం ఇచ్చింది. ఈ నియమాలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనేముందు థాయ్ రాయబార కార్యాలయం వెబ్‌సైట్ చూసుకోండి. 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరైంది. దిగడానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. అది పూర్తిగా ఉచితం. డబ్బులు అడిగే సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు.

హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కు నేరుగా విమానాలున్నాయి. అక్కడి నుంచి క్రాబీ గంటన్నర లోపు ప్రయాణం. బ్యాంకాక్‌లో రెండు విమానాశ్రయాలు ఉన్నాయన్నది గుర్తుంచుకోండి: సువర్ణభూమి, డాన్ మువాంగ్. ఒకదానిలో దిగి రెండోదానిలో ఎక్కే టికెట్లు చవగ్గా కనిపిస్తాయి కానీ మధ్యలో ఊరంతా దాటాలి, ఆ ట్రాఫిక్‌లో నమాజు వేళ గడిచిపోతుంది. సువర్ణభూమిలో నమాజు గదులున్నాయి. విమానంలో భోజనం ఇచ్చే టికెట్టయితే ముస్లిం మీల్ అని ముందే నమోదు చేయించండి, ఎక్కాక అడిగితే దొరకదు.

ఫుకెట్‌లో దిగినా ఇబ్బంది లేదు. అక్కడి నుంచి రోడ్డు మీద రెండున్నర, మూడు గంటల్లో క్రాబీ చేరవచ్చు. దారిలో పెట్రోలు బంకుల దగ్గర 'హోంగ్ లమాత్' అన్న మాట అడిగి చూడండి. థాయ్‌లో నమాజు గదికి అదే పేరు. దక్షిణాదిలో చాలా బంకుల్లో, షాపింగ్ మాళ్లలో ఉంటుంది.

ఇంట్లోవాళ్ల మరో భయం కూడా తీర్చండి. దక్షిణ థాయ్‌లాండ్‌లో గొడవలని వార్తల్లో వచ్చేది పట్టానీ, యాలా, నరాతివాత్ ప్రావిన్సుల గురించి. అవి మలేసియా సరిహద్దు దగ్గర, అవతలి తీరంవైపు ఉన్నాయి. క్రాబీ వాటిలో లేదు.

మూడో అంచె: బస

నాలుగు చోట్లు పరిశీలించండి.

ఆవ్‌నాంగ్ నా మొదటి సలహా. రాయ్‌లేకు పడవలు ఇక్కడి బీచ్ నుంచే బయలుదేరతాయి. బీచ్ నుంచి కాస్త లోపలికి, ప్రధాన రోడ్డు మీద పెద్ద మసీదు ఉంది. దాని చుట్టుపక్కల హలాల్ హోటళ్లు, రోతీ బళ్లు. బీచ్ ముందు వీధిలో బార్లు, పెద్ద మోతలతో పాటలు ఉంటాయి. అందుకని గది మసీదు వైపున తీసుకోండి, బీచ్‌కు నడిచో ఆటోలోనో వెళ్లండి. మసీదు వైపు గదులు సాధారణంగా చవక కూడా.

నోప్పరత్ థారా ఆవ్‌నాంగ్‌ను ఆనుకుని ఉన్న పొడవాటి బీచ్. ఇంకా నిశ్శబ్దం. చెట్ల నీడన సెలవు రోజుల్లో స్థానిక కుటుంబాలు చాపలు పరుచుకుని కూర్చుంటాయి. అమ్మానాన్నలతో, చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకు ఇదే నయం.

క్రాబీ పట్టణం చవక, మసీదు ఉంది, రాత్రి బజారు బాగుంటుంది, బీచ్ మాత్రం లేదు. ఆవ్‌నాంగ్‌కు తెల్లరంగు సాంగ్‌థేవ్‌లు తిరుగుతాయి, అంటే వెనక రెండు బల్లలు వేసిన షేర్ ట్రక్కులు.

ఇక రాయ్‌లే. అక్కడ ఉండాలనే ఉంటే ఒక్క రాత్రి ఉండండి, తినడానికి ఆవ్‌నాంగ్ నుంచి కొంత కట్టించుకుని వెళ్లండి. తూర్పు ఒడ్డు, పక్కనే ఉన్న టోన్‌సాయ్ బీచ్ వైపు సాయంత్రం కాగానే బార్లు మొదలవుతాయి. పడమటి ఒడ్డున రిసార్టులు కొంత మర్యాదగా ఉంటాయి, ధరలు ఎక్కువ. ఆవ్‌నాంగ్‌లోలాగా పెద్ద మసీదు, వరసగా హలాల్ బళ్లు ఆశించవద్దు.

ఏ గదైనా బుక్ చేసేముందు రెండు విషయాలు రాతపూర్వకంగా అడగండి: ఉదయం టిఫిన్ వంటగది హలాలా, లేక "పంది మాంసం విడిగా పెడతాం" అంటారా? ఈత కొలనులో ఒంటినిండా ఉండే ఈతదుస్తులు వేసుకోనిస్తారా? రెండో ప్రశ్నకు క్రాబీలో దాదాపు అందరూ సరేనంటారు, అయినా ముందే అడిగితే అక్కడ మాటపడే పని ఉండదు. మరుగుదొడ్ల గురించి చింత అక్కర్లేదు. కడుక్కోవడానికి చేత్తో పట్టుకునే నీటి పైపు దాదాపు అన్ని చోట్లా ఉంటుంది.

నాలుగో అంచె: తిండి

థాయ్ హలాల్ ముద్రను కళ్లకు అలవాటు చేసుకోండి. వజ్రం ఆకారంలో ఉంటుంది, లోపల అరబ్బీలో హలాల్ అని, దానితో థాయ్ అక్షరాలు, అనుమతి సంఖ్య ఉంటాయి. థాయ్‌లాండ్ కేంద్ర ఇస్లామిక్ మండలి దాన్ని ఇస్తుంది. సెవెన్ ఇలెవెన్ దుకాణాల్లో బిస్కెట్లు, నూడుల్స్, పాలు, చిప్స్ చాలావాటి మీద ఈ ముద్ర కనిపిస్తుంది. అక్కడే వేడిచేసి ఇచ్చే శాండ్‌విచ్‌లకు మాత్రం దూరంగా ఉండండి, పంది మాంసం పెట్టినవీ అదే యంత్రంలో కాలుస్తారు. మిఠాయిల్లో, జెల్లీల్లో జెలటిన్ ఉంటుంది, ముద్ర లేకపోతే వదిలేయండి. ప్యాకెట్ మీద గంజాయి ఆకు బొమ్మ ఉన్నా వదిలేయాలి. అక్కడ పానీయాల్లో, బిస్కెట్లలో అది కలిపి అమ్మిన సందర్భాలున్నాయి.

పల్లె బళ్లకు ముద్ర ఉండకపోవచ్చు. ఒక ముస్లిం ఇల్లాలు నడిపే చిన్న బండికి ధ్రువపత్రం తెచ్చుకునే ఓపిక, డబ్బు ఎక్కడిది? అక్కడ నెలవంక బొమ్మ, గోడకు వేలాడే ఆయత్, వడ్డించే ఆవిడ తలగుడ్డ చూసి సలాం చెప్పండి. జవాబు నవ్వుతో వస్తుంది. భాష రాకపోతే "పెన్ ఇసలామ్" అనండి, ముస్లింనని అర్థం. మగవాళ్లు చివర "ఖ్రాప్", ఆడవాళ్లు "ఖా" చేరిస్తే మర్యాద. క్రాబీ ముస్లింలలో ఎక్కువమంది మాట్లాడేది దక్షిణాది యాస థాయే, మలయ్ వచ్చిన స్నేహితుడి సాయం పెద్దగా పనికిరాదు. ముస్లిమేతరుల హోటల్లో "మై కిన్ మూ" అంటే పంది మాంసం తిననని అర్థమవుతుంది, అంతవరకే. వాళ్లు కోడికూర పెడతారు, ఆ కోడిని ఎలా కోశారో వాళ్లకు తెలియదు. ముద్ర లేని చోట "నో పోర్క్" అన్న బోర్డు హలాల్‌కు సమానం కాదు.

మన హనఫీ సంప్రదాయం పాటించే ఇళ్లవాళ్లు ఇంకో సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. దీన్ని ఏ టూర్ ఏజెంటూ చెప్పడు. థాయ్ ముస్లింలలో అత్యధికులు షాఫయీ మస్‌లక్ వాళ్లు, అంటే ధర్మశాస్త్రంలో మరో సంప్రదాయం వాళ్లు. వాళ్లకు సముద్రంలో పుట్టిన దాదాపు ప్రతిదీ హలాల్. కాబట్టి హలాల్ ముద్ర ఉన్న హోటల్లోనే పీతలు, కణవాయిలు (స్క్విడ్), ఆల్చిప్పలు పక్కపక్కనే కాలుతుంటాయి. హనఫీ ఫిఖ్‌లో చేప తప్ప మిగతా సముద్ర జీవులకు అనుమతి లేదు. రొయ్యను చేప కిందే లెక్కించి చాలామంది తింటారు, కొందరు మానేస్తారు. పీత, కణవాయి, ఆల్చిప్పలు వద్దంటారు. ముద్ర చూసి కళ్లు మూసుకుని తినేయకుండా, మీరు పాటించేదేదో బయలుదేరేముందే మీ మౌలానాతో తేల్చుకోండి.

తేల్చుకున్నాక వంటగదిలోకి వెళ్లే మాటలు రెండు నేర్చుకోండి. థాయ్ వేపుళ్లలో దాదాపు అన్నింట్లోనూ ఆల్చిప్పల సాస్ పడుతుంది, కూరగాయల వేపుడులో కూడా. దాని పేరు 'నామ్‌మన్ హోయ్'. "మై సై నామ్‌మన్ హోయ్" అంటే అది వేయవద్దని. కూర ముద్దల్లో 'కాపి' అనే రొయ్యల ముద్ద ఉంటుంది. 'నామ్ ప్లా' మాత్రం చేపల రసం, దానితో పేచీ లేదు. కేరళ, తమిళనాడు షాఫయీ స్నేహితులు మీతో ఉంటే వాళ్ల పళ్లెం, మీ పళ్లెం వేరుగా ఉండవచ్చు. అక్కడి వాళ్ల తిండిని తప్పుపట్టకుండా మీ పళ్లెం మీరు చూసుకుంటే చాలు.

ఏం తినాలి? ఖావ్ మోక్ కాయ్‌తో మొదలుపెట్టండి. పసుపు రంగు అన్నం మీద ఒక పెద్ద కోడి ముక్క, పైన నూనెలో ఎర్రగా వేగిన చిన్న ఉల్లిపాయలు, పక్కన దోసకాయ ముక్కలు, చిన్న గిన్నెలో పుదీనా, పచ్చిమిర్చి వేసిన ఆకుపచ్చ పుల్లని పచ్చడి. హైదరాబాదీ నాలుకకు మసాలా తక్కువనిపిస్తుంది. ఆ ఆకుపచ్చ పచ్చడి అన్నంలో కలిపాక రుచి లేచి నిలబడుతుంది. ఎద్దు తోకతో చేసే పులుపు చారు, వేయించిన ఉల్లిపాయలు చల్లిన హాత్‌యాయ్ కోడి వేపుడు, దానితో జిగురు అన్నం కూడా వదలకండి. మస్సమన్ కూర కూడా ముస్లిం వంటిళ్లతో ముడిపడినదే, బంగాళాదుంప, వేరుశెనగలతో కమ్మగా ఉంటుంది. పొద్దున్నే రోతీ, కోడి కూర, మీది నుంచి కిందికి లాగి పోసే టీ. రాత్రికి అదే రోతీలో అరటిపండు, గుడ్డు పెట్టి, డబ్బాలో వచ్చే తీపి చిక్కటి పాలు (కండెన్స్‌డ్ మిల్క్) పోసి ఇస్తారు. పిల్లలు రోజూ అదే అడుగుతారు.

రాయ్‌లేలో హలాల్ దొరకని పూట పసుపు జెండా మీద ఎర్రగా రాసిన 'జే' గుర్తు చూడండి. అది మాంసం, చేప, గుడ్డు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ లేని శాకాహారం.

అయిదో అంచె: నమాజు వేళలు, ఖిబ్లా

గడియారం మనకంటే గంటన్నర ముందుంటుంది. డిసెంబరులో క్రాబీలో జొహర్ పన్నెండుంపావు దాటాక, మగ్రిబ్ ఆరుంపావుకు అటూఇటుగా. ఫిబ్రవరి నాటికి మగ్రిబ్ ఆరున్నర దాటుతుంది. ఫోన్ యాప్‌లో ఊరు క్రాబీ అని మార్చడమే కాదు, అసర్ లెక్క ఏ మస్‌లక్ ప్రకారమో కూడా చూసుకోండి. మసీదులో అసర్ అజాన్ షాఫయీ లెక్కన వస్తుంది, హనఫీ వేళ అంతకంటే ముప్పావు గంటకు పైగా ఆలస్యం. పడవ ఎక్కేముందు జమాత్‌తో చదవాలా, తిరిగొచ్చాక గదిలో చదవాలా అన్నది ఈ తేడా మీదే ఆధారపడుతుంది.

ప్రయాణంలో నాలుగు రకాతులు రెండుగా కుదించడం గురించి మీకు తెలిసే ఉంటుంది. స్థానిక ఇమాము వెనక చదివితే మాత్రం నాలుగూ పూర్తి చేయాలి. జొహర్, అసర్ కలిపి చదివే వెసులుబాటు షాఫయీలకు ఉంది, హనఫీలకు ప్రయాణంలో లేదు. అందుకే హనఫీ కుటుంబం దీవుల టూర్ ప్లాన్ చేసేటప్పుడు జొహర్ ఎక్కడ, అసర్ ఎక్కడ అని ముందే గీసుకోవాలి.

ఖిబ్లా విషయంలో ఒక పొరపాటు తేలిగ్గా జరుగుతుంది. రాయ్‌లే పడమటి ఒడ్డున నిలబడితే సూర్యుడు ఎదురుగా సముద్రంలో మునుగుతాడు, అటే తిరిగి నిలబడాలనిపిస్తుంది. క్రాబీ నుంచి ఖిబ్లా దాదాపు 290 డిగ్రీలు, అంటే పడమరకు 20 డిగ్రీలు ఉత్తరంగా. డిసెంబరులో సూర్యుడు పడమరకు బాగా దక్షిణంగా మునుగుతాడు, ఖిబ్లాకూ ఆ చోటుకూ మధ్య 40 డిగ్రీలకు పైగా తేడా. సూర్యుడు మునిగే చోటుకు కుడివైపుకు తిరగాలి. చిన్న దిక్సూచి ఒకటి జేబులో ఉంచుకుంటే సిగ్నల్ లేని చోట పనికొస్తుంది.

మసీదులో కొన్ని పద్ధతులు మనవాళ్లకు కొత్తగా ఉంటాయి. ఆమీన్ బిగ్గరగా అంటారు. ఫజర్ రెండో రకాతులో రుకూ నుంచి లేచాక ఇమాము చేతులెత్తి ఖునూత్ దువా చేస్తారు, హనఫీలు అప్పుడు మౌనంగా నిలబడితే సరిపోతుంది. సలాం అయ్యాక అందరూ ఒకరితో ఒకరు చేతులు కలుపుతారు. ఆ వరసలో చేరితే మీరు ఎక్కడివారని అడుగుతారు, ఇండియా అంటే టీకి పిలిచినా ఆశ్చర్యం లేదు. జుమా ఖుత్బా థాయ్‌లో సాగుతుంది. ప్రయాణికుడికి జుమా విధి కాకపోయినా శుక్రవారం ఆవ్‌నాంగ్ మసీదులో ఉండేలా చూసుకోండి.

ఆడవాళ్లకు ఇది నిజంగా సంతోషమిచ్చే విషయం. మన ఊళ్లలో చాలా మసీదుల్లో వాళ్లకు చోటు ఉండదు. అక్కడ సాధారణంగా విడిగా చోటు, వజూ ఏర్పాటు ఉంటాయి. తలనుంచి కాళ్లదాకా కప్పే నమాజు దుస్తులు అరలో మడతపెట్టి ఉంటాయి, ఎవరైనా వేసుకోవచ్చు. అమ్మను, చెల్లిని, కూతుర్ని వెంటబెట్టుకుని మసీదుకు వెళ్లే అవకాశం అది, వదులుకోకండి.

ఆరో అంచె: రాయ్‌లేలో ఒక రోజు

ఫజర్ తర్వాత రోతీ తిని, ఎనిమిది, ఎనిమిదిన్నరకల్లా ఆవ్‌నాంగ్ బీచ్‌లో టికెట్ కిటికీ దగ్గర ఉండండి. పొడుగు తోక పడవలో తలకు సుమారు 100 బాత్ (థాయ్ డబ్బు), పావుగంట ప్రయాణం. ఎనిమిదిమంది నిండాకే కదులుతుంది. ఇక్కడ రేవు లేదన్నది ముఖ్యం. మోకాలిదాకా నీళ్లలోకి నడిచి, పడవ ముక్కున వేలాడే చిన్న ఇనుప మెట్ల మీద కాలుపెట్టి, అల పడవను ఎత్తే క్షణం చూసుకుని పైకి ఎక్కాలి. చీర, బుర్ఖా అంచు తడుస్తాయి, పైగా కాలికి అడ్డం పడతాయి. లోపల వదులు ప్యాంటు వేసుకుని అంచు ఎత్తి పట్టుకోవడం, చెప్పులు సంచిలో పెట్టుకోవడం మేలు. నావికుడు చెయ్యి అందిస్తాడు. పరాయి మగాడి చెయ్యి పట్టుకోవడం ఇష్టంలేకపోతే ఇంట్లోవాళ్లలో ఒకరు ముందు ఎక్కి అందుకోవాలి.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే ఆవ్ నామ్‌మావ్ రేవుకు వెళ్లండి. అక్కడి నుంచి పడవ రాయ్‌లే తూర్పు ఒడ్డుకు చేరుస్తుంది, నీళ్లలో నడిచే బాధ తక్కువ. తూర్పు ఒడ్డు మడ అడవి, ఈతకు పనికిరాదు, పోటు తగ్గితే బురద తేలుతుంది. అక్కడి నుంచి పడమటి ఒడ్డుకు కొద్ది నిమిషాల నడక.

తూర్పు ఒడ్డు చివరి నుంచి కొండ అంచునే వెళ్లే బాట ఫ్రానాంగ్ బీచ్‌కు చేరుస్తుంది. దారిలో కోతులు ఉంటాయి, ప్లాస్టిక్ సంచి చప్పుడు వింటే దూకుతాయి. తిండి బ్యాగు లోపల పెట్టి జిప్ వేయండి. అదే బాట పక్కన నీటిగుండానికి, వ్యూ పాయింట్‌కు ఎక్కే దారి ఉంది. తాళ్లు పట్టుకుని ఎర్రమట్టి గోడలాంటి వాలు ఎక్కాలి. వాన పడిన మర్నాడు వద్దు, పొడుగు దుస్తులతో అసలే వద్దు.

ఫ్రానాంగ్ బీచ్ చివర ఒక గుహ. రాకుమారి ఆత్మ అక్కడ ఉంటుందని నమ్మే జాలరులు వేటకు వెళ్లేముందు చెక్కతో చేసిన లింగాలు సమర్పిస్తారు, అవి కుప్పగా ఉంటాయి. పిల్లలు వెంట ఉంటే ముందే తెలిసి ఉండటం మంచిది. ఆ దారిన వెళ్లకపోయినా ఏమీ తగ్గదు. వెళ్తే పూజలో చేరకుండా, వెటకారం చేయకుండా, వాటి పక్కన నవ్వుతూ ఫోటోలు దిగకుండా రండి. వాళ్ల నమ్మకం వాళ్లది.

వజూకు నీళ్లు లేవని కంగారుపడకండి. సముద్రం నీళ్లు శుద్ధమైనవని, శుద్ధి చేసేవని ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం చెప్పిన హదీసు ప్రసిద్ధం. ఎదురుగా సముద్రమంతా మీ వజూకే. కాకపోతే ఒంటికి రాసుకున్న మందపాటి సన్‌స్క్రీన్, ముఖ్యంగా నీటిని ఆపే రకం, వజూ నీళ్లను చర్మానికి తగలనివ్వదు. ముందు సబ్బు కాగితంతో ముఖం, చేతులు కడిగేయండి. బీచ్‌లో నమాజుకు పలచని, తడిసినా ఆరిపోయే జానమాజ్ తీసుకెళ్లండి. జనం మధ్యన కాకుండా చెట్ల వెనక, ఎవరి దారికీ అడ్డం రాని చోట నిలబడండి. అక్కడివాళ్లకు ఇది కొత్త దృశ్యం కాదు.

మూడున్నర, నాలుగుకల్లా తిరుగు పడవ ఎక్కండి. అసర్ ఆవ్‌నాంగ్‌లో చదువుకోవచ్చు. సూర్యాస్తమయం రాయ్‌లేలోనే చూడాలనుకుంటే మగ్రిబ్ అక్కడే పడుతుంది, చీకటిపడ్డాక పడవ ఛార్జీ పెరుగుతుంది, ఎనిమిదిమంది దొరికేదాకా ఇసుకలో నిలబడాలి. అస్తమయానికి నోప్పరత్ థారా తీరమే మేలని నా అభిప్రాయం, అజాన్ వినబడగానే లేచి వెళ్లవచ్చు.

మరో రోజు నాలుగు దీవుల పడవ తీసుకోండి. పోటు బాగా తగ్గినప్పుడు దీవుల మధ్య ఇసుక దారి పైకి తేలుతుంది, తలే వేక్ అంటారు. పోటు పాటు వేళలు ముందురోజే నావికుడిని అడగండి. టూర్ కంపెనీ గుంపు పడవకంటే నాలుగైదుగురు కలిసి సొంతంగా పడవ మాట్లాడుకుంటే జొహర్‌కు పోడా దీవిలో అరగంట ఆగమని చెప్పవచ్చు. నావికుడు ముస్లిం అయితే ఆయనే ముందు గుర్తుచేస్తాడు. జాతీయ పార్కు రుసుము విడిగా కట్టాలి. ఫీఫీ దీవుల్లోని మాయా బే చూడాలంటే, అది ఏటా ఆగస్టు, సెప్టెంబరులో మూసి ఉంటుంది. తెరిచిన నెలల్లో కూడా ఈతకు అనుమతి లేదు.

ఏడో అంచె: దుస్తులు, మర్యాదలు

స్థానిక ముస్లిం ఆడవాళ్లు ఒంటినిండా బట్టలతోనే సముద్రంలో దిగుతారు, కాబట్టి మీరు అలా దిగితే ఎవరూ తేరిపార చూడరు. మగవాళ్లు మోకాళ్ల కిందిదాకా వచ్చే షార్ట్, తడిసినా పారదర్శకం కాని టీషర్ట్ పెట్టుకోండి. బీచ్‌లో మిగతా పర్యాటకులు ఎలా ఉంటారో తెలిసిందే, చూపు దించుకోవడం మన పని. పొద్దున తొమ్మిదిలోపు బీచ్‌లు దాదాపు ఖాళీగా ఉంటాయి, కుటుంబంతో వెళ్లేవాళ్లకు ఆ వేళ బంగారం.

షాఫయీ మస్‌లక్‌లో పరాయి స్త్రీపురుషుల స్పర్శతో వజూ పోతుంది, అందుకని ఎదుటివారికి చెయ్యి చాచకుండా గుండె మీద చెయ్యి పెట్టి సలాం చెప్పండి. పల్లెల్లో ఫోటో తీసేముందు అడగండి. రాజు, రాజకుటుంబం గురించి మాట తూలవద్దు, అక్కడ అది పెద్ద నేరం. ఎలక్ట్రానిక్ సిగరెట్లు నిషేధం, కుర్రాళ్లకు ముందే చెప్పండి.

చివరి అంచె: పన్యీ, లంతా

రెండు రోజులు మిగిలితే ఫాంగ్‌ఙా అఖాతంలోని కో పన్యీకి వెళ్లండి. నిటారుగా లేచిన ఒక రాతికొండ నీడలో, సముద్రం మీద కర్రస్తంభాల మీద కట్టుకున్న ముస్లిం జాలరుల ఊరు. జావా నుంచి వచ్చిన జాలరి కుటుంబాలు 18వ శతాబ్దంలో స్థిరపడ్డాయని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. బంగారు గుమ్మటాల మసీదు, బడి, నీటిమీద తేలే ఫుట్‌బాల్ మైదానం ఉన్నాయి. 1986 ప్రపంచకప్ చూసి మోజుపడిన పిల్లలు పాత చెక్కలు ఏరుకొచ్చి మొదటి మైదానం కట్టారు. ఊళ్లో మద్యం, పంది మాంసం ఉండవు. మధ్యాహ్నం టూర్ గుంపులు భోజనానికి దిగి గంటలో వెళ్లిపోతాయి. మీరు మధ్యాహ్నం రెండు దాటాక వెళ్లి అసర్ దాకా ఉండండి. గుంపులు వెళ్లాక గడపల్లో కూర్చుని వలలు బాగుచేసుకునే మగవాళ్లు, మదరసా నుంచి తిరిగొచ్చే పిల్లలు కనిపిస్తారు. అప్పుడే అది నిజమైన ఊరిలా ఉంటుంది. ఎండు చేపలు, రొయ్యల ముద్ద అక్కడ కొంటే డబ్బు నేరుగా ఇళ్లకు చేరుతుంది.

నాలుగైదు రోజులు మిగిలితే కో లంతా. క్రాబీ నుంచి వ్యాను, మధ్యలో వాహనాలను మోసే పంటు. దీవి జనాభాలో ముస్లింలే ఎక్కువ, మసీదులు దారి పొడవునా తగులుతాయి. పడమటి వైపు పొడవాటి బీచ్‌లు, తూర్పున నీళ్లమీదికి చొచ్చుకొచ్చిన చెక్క ఇళ్లతో పాత పట్టణం. ఆవ్‌నాంగ్‌లో వినిపించే మోత ఇక్కడ చాలా తక్కువ. గది పడమటి తీరంలో ఉత్తరం వైపున తీసుకోండి. బజారు, హలాల్ హోటళ్లు, పంటు రేవుకు వెళ్లే దారి అన్నీ ఆ చివరే ఉన్నాయి, తిరుగు ప్రయాణం రోజున ఫజర్ చదువుకుని నింపాదిగా వ్యాను ఎక్కవచ్చు.